ఫ్లెక్సీ కింద పశువుల దవాఖాన

నిన్న పొద్దున చాయ్ తాగుతూ పేపరు తిరగేస్తుంటే, ఏదో శాఖవారు మౌలిక వసతులకు అదనపు నిధులు కావాలని సర్కారును అడిగారన్న వార్త కనబడింది. నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి కనుక ఇలాంటి బరువు మాటలను ఇప్పటికీ నమిలి గానీ మింగను; ఇది నమిలేలోపే నవ్వొచ్చింది. నిధులు అడగడం ఎంత కష్టమో, అడిగినవాళ్లను సొంతవాళ్లే ఎట్లా ముంచగలరో నాకు తెలిసినంతగా ఆ రాసినవాడికి తెలియదు.

శంషాబాద్ నుంచి మహేశ్వరం పోయే దిక్కున, మా ఊరి పశువుల దవాఖానలో నేను అటెండరుగా పనిచేశాను. విమానాశ్రయం తెరిచిన మరుసటి ఏటి సంగతి ఇది. నెత్తిమీద విమానం పోతే మా రెండు గదుల రేకుల కప్పు గడగడలాడేది, వాన పడితే మందుల బీరువాను ఈ మూల నుంచి ఆ మూలకు జరుపుకుంటూ ఉండేవాళ్లం. అప్పట్లో గోదావరి వైపు నుంచి వచ్చిన డాక్టరమ్మ ఉండేది. చిన్న వయసు, మాట మెత్తన, పని గట్టి. కొత్త కప్పుకూ, పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప గొట్టాల చట్రానికీ అదనంగా నిధులు ఇమ్మని ఆమె పైకి రాసింది. ఇవ్వకపోతే మా దవాఖానను ఎత్తేసి శంషాబాద్‌లో కలిపేస్తారన్న మాట అప్పటికే ఊళ్లో నలుగుతోంది. కలిపితే, ఈనలేక తిప్పలుపడే బర్రెను పెద్ద రోడ్డు మీద లారీల నడుమ ఎవరు తోలుకుపోవాలి? పాడి మీదే బతికే ఇళ్లు మావి.

చివరికి పట్నం నుంచి పెద్దసారు వచ్చి కళ్లారా చూస్తానన్నాడు. ముందురోజు డాక్టరమ్మ మీటింగుకు పోయింది. అంతే, దవాఖాన మా చేతిలో పడింది. సర్పంచి మా బావ, మహిళా సంఘానికి పెద్ద మా ఆవిడ. వచ్చేవాడికి కూలిన గోడ చూపించడం మా దిక్కున పరువు తక్కువ. పైగా మా ఆవిడ లెక్కే వేరు.

“చినిగిన చీర కట్టుకొని పోతే ఎవడన్న అప్పిస్తడా? బాగున్నోళ్లకే పుడతది,” అన్నది.

“పిచ్చిదానా, లేదని అడుగుతుంటే ఉన్నట్టు చూపిస్తవేందే?” అన్నాను, నోరు ఊరుకోక.

“నాలుగు అచ్చరాలు రాంగనే ఎచ్చులకు పోకు. నిచ్చెన పట్టు!”

పట్టాను. గోడలకు సున్నం, కింద ఎర్రటి జాజు పట్టీ, గడపకు మామిడి తోరణం. కప్పు చిల్లులు కనబడకుండా, మా బావ రోడ్డు పక్కన ప్లాట్లు అమ్మేవాళ్ల ఫ్లెక్సీలు పీకించుకొచ్చి లోపల ఈ గోడ నుంచి ఆ గోడకు బిగించి కట్టించాడు. తలెత్తితే పచ్చటి చెట్లు, నల్లటి రోడ్లు, నవ్వుతున్న మొగుడూ పెళ్లాం.

తెల్లారి వచ్చిన డాక్టరమ్మ గడప దగ్గరే నిలబడిపోయింది. “ఎంత పని చేశారండీ! బాగాలేదనే కదా నేను రాసింది,” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ మాట అయ్యేలోపే జీపు వచ్చి ఆగింది. పెద్దసారు అంతా తిరిగి చూసి, కుర్చీలో కూర్చుని, చాలా శుభ్రంగా ఉంచుకున్నారని మెచ్చుకున్నాడు; ఇంతకన్నా పాడైన దవాఖానలు బోలెడున్నాయి, ముందు వాటి సంగతి చూద్దాం అన్నాడు. మా ఆవిడ ముఖం గోడకు పూసిన జాజు రంగుకు తిరిగింది.

సారు చాయ్ తాగుతుండగా వాన అందుకుంది. రేకుల్లోంచి దిగిన నీళ్లు పట్టి, ఫ్లెక్సీ చూడి బర్రె పొట్టలా కిందికి వేలాడింది. సారు చూడకుండా మా బావ వెనక నుంచి కర్రతో దాన్ని మెల్లగా పైకెత్తబోయాడు. తాళ్లు తెగి, నీళ్లతో సహా మొత్తం సారు నెత్తిన పడింది.

మా బావ కర్ర అక్కడే పడేసి వెనక్కి జరిగాడు. నేనే అన్నాను: “సారూ, గిదంతా మీరొస్తున్నరని నిన్న కట్టినం. అసలు దవాఖాన గిట్లనే ఉంటది. ఇగ మీ ఇష్టం.”

సారు ముఖం తుడుచుకుని, ఒళ్లో పడ్డ ఫ్లెక్సీని సాపు చేసి చదివాడు. “ఇరవై నాలుగు గంటల నీటి వసతి అంట. అబద్ధం కాదయ్యా!” అని విరగబడి నవ్వాడు. డాక్టరమ్మ ఏడుస్తూనే నవ్వింది. ఆ తడి బట్టలతోనే ఆయన మళ్లీ రెండు గదులూ తిరిగాడు, ఈసారి తలెత్తి.

నిధులు రావడానికి ఇంకో వానాకాలం పట్టింది గానీ వచ్చాయి. స్లాబు పడింది, గచ్చు పడింది, చట్రం పాతారు, దవాఖాన మా ఊళ్లోనే నిలిచింది. ఆ గచ్చు మీదే నా నౌకరీ చల్లగా ముగిసింది.

ఇప్పుడు ఊరి చుట్టూ మేతబీళ్లు లేవు, అన్నీ ప్లాట్లే. మేమూ కొంత అమ్ముకుని ఇల్లు కట్టుకున్నాం, దాచేదేముంది, సుఖంగానే ఉన్నాం. దవాఖానకు కార్లలో కుక్కపిల్లలు వస్తున్నాయి, వాటికీ నొప్పులుంటాయి, తప్పు పట్టను. మొన్న అటు పోతే, ఎన్నాళ్లకో ఒక బర్రె చట్రంలో నిలబడి ఉంది. నేను చూస్తుండగానే గచ్చు మీద పేడ వేసింది. ఇప్పటి అటెండరు ముక్కు మూసుకుని చీపురు కోసం వెతుకుతుంటే, నేనే వంగి రెండు చేతులతో ఎత్తి అవతల వేశాను. వెచ్చగా ఉంది. నల్లా దాకా పోయి కూడా, చాలాసేపు చేతులు కడుక్కోబుద్ధి కాలేదు.