ఫ్యాన్ వద్దన్న రాజవ్వ

కోరుట్లలో మా వెనక వాడలో రాజవ్వది రేకుల ఇల్లు. ఎండకు లోపల కూర్చోలేక, మధ్యాహ్నాలు బీడీలు చుట్టడం ఆపేసిందని తెలిసి, ఈ రోజు మా టేబుల్ ఫ్యాన్ తీసుకెళ్లి ఇచ్చాను.

ఆమె పకపకా నవ్వింది. “ఉన్న ఫ్యానే ఏస్తలేను బిడ్డా! గాలికి తంబాకు లేస్తది, ఆకు ఎండి పలుగుతది. గంత చదివినవు, గిది తెల్వదా?”

“మరి ఏం చేద్దాం రాజవ్వా?”

“గా రేకుల మీద సున్నం కొట్టియ్యి. పక్కింటోళ్లు కొట్టిచ్చిండ్రు, లోపల సల్లగున్నది.”

ఫ్యాన్‌తో తిరిగొచ్చాను. రేపు పొద్దున సున్నం కొట్టే మనిషి వస్తాడు. ఇళ్లల్లో వేడి తగ్గించే పద్ధతుల గురించి కాలేజీలో పాఠం చెప్పేది నేనే. ముందు ఆ ఇంట్లో ఉండేవాళ్లను అడగాలని ఎప్పుడైనా చెప్పానో లేదో గుర్తు రావడం లేదు. మీరైతే అడిగేవారా?