ఈ ఒక్క పీరియడ్ అండీ

సంస్కృతంలో ఒక్క వాక్యం సొంతంగా రాయడం రాకుండానే సంస్కృతంలో తొంభై దాటి మార్కులు తెచ్చుకున్న బ్యాచ్ మాది. ఇంటర్లో చేరేటప్పుడు రెండో భాషగా తెలుగు తీసుకుంటానంటే కాలేజీ ఆఫీసులో ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తెలుగులో మార్కులు పడవట. సంస్కృతమైతే జవాబులు చాలావరకు ఇంగ్లీషులో రాసెయ్యొచ్చట, దిద్దేవాళ్ళు కూడా ధారాళంగా వేస్తారట. మా నాయనమ్మ మాత్రం ఆదివారం చర్చిలో పక్కన కూర్చున్నవాళ్ళందరికీ, మా మనవరాలు సంస్కృతం చదువుతోందని చెప్పుకుని మురిసిపోయేది. ఏడ్చినట్టే ఉంది నా సంస్కృతం అని ఆవిడకి ఎలా చెప్పను?

మా ఇల్లు ఏలూరులోనే. కాలేజీ వట్లూరు వైపు, సైకిల్ మీద వెళ్ళొచ్చేంత దూరం. అయినా నన్ను హాస్టల్లో పడేశారు. ఇంటి నుంచి వచ్చి వెళ్ళే పిల్లలకి మంచి సెక్షన్ ఇవ్వరు, అదీ అక్కడి పద్ధతి. కిటికీలకి బయటివైపు ఇనుప మెష్ కొట్టి ఉండేది, దోమల కోసమని చెప్పారు. దోమలు హాయిగా వచ్చి పోతుండేవి, మేమే బయటికి వెళ్ళలేకపోయేవాళ్ళం. తెల్లారకముందే లేపి, దుప్పట్లు కప్పుకునే స్టడీ అవర్లో కూర్చోబెట్టేవారు. ఒకమ్మాయి కెమిస్ట్రీ సమీకరణాలు, ఇంకొకమ్మాయి ఫిజిక్స్ సూత్రాలు, వెనక ఎవరో అర్థం తెలియని శ్లోకం. అంతా కలిసి ఒకటే గొణుగుడు. మా ఇంటి నుంచి నాయనమ్మ కేకేస్తే వినపడుతుందేమో అనిపించేంత దగ్గర్లో, నెలకొకసారి కూడా ఇంటికి పంపరు. తలుచుకుంటే ఒళ్ళు మండిపోయేది.

నాకు చరిత్ర కావాలి. ఇంకేమీ అక్కర్లేదు. కొండ మీద నుంచి రాయి విసిరితే ఎంతసేపటికి కింద పడుతుంది అని ఫిజిక్స్ లెక్క ఇస్తే, విసిరినవాడెవడు, ఎందుకు విసిరాడు, ఆ వేళకి కింద ఎవరున్నారు అని నా గోల. ఆ మాట ఒకసారి క్లాసులో పైకి అనేశాను కూడా. లెక్చరర్ నన్ను నిలబెట్టారు. పిల్లలు నవ్వారు. నాకు ముక్కు మీద కోపం, ఆ పీరియడ్ అయ్యేదాకా కూర్చోమన్నా కూర్చోలేదు.

ఆ పిచ్చి అంటించింది నాన్నగారే. ఆయన కొల్లేటి లంక గ్రామంలో హైస్కూలు సోషల్ మాస్టారు. నా చిన్నప్పుడు సెలవు రోజుల్లో స్కూటర్ మీద పెదవేగి తీసుకెళ్ళేవారు. ఎటు చూసినా పామాయిల్ తోటలు, గెలలు వేసుకుని పోయే ట్రాక్టర్లు. ఒక మట్టిదిబ్బ పక్కన స్కూటర్ ఆపి, విరిగిన పాత ఇటుక ముక్క నా చేతిలో పెట్టి, ఇప్పుడు నువ్వు పూర్వం రాజులేలిన రాజధానిలో నిలబడ్డావు తెలుసా అనేవారు. తిరిగొచ్చేటప్పుడు తమ్మిలేరు వంతెన మీద ఆపి, ఈ నీళ్ళు మా స్కూలు దాకా వస్తాయి, కొల్లేట్లో కలిసి, అక్కణ్ణుంచి ఉప్పుటేరు పట్టుకుని సముద్రానికి పోతాయి అని చెప్పేవారు. ఆయన చెబుతుంటే మురికినీళ్ళు కూడా ఎక్కడికో ప్రయాణమైపోతున్నట్టుండేది. అలాంటి మనిషి, టెన్త్ ఫలితాలు రాగానే నన్నొక్క మాట అడక్కుండా ఎంపీసీలో చేర్పించేశారు. హిస్టరీ గ్రూపు తీసుకుంటానని నేను నోరు తెరిచేలోపే అడ్మిషన్ అయిపోయింది.

బోర్డుకి పేర్లు వెళ్ళేలోపు గ్రూపు మార్చుకోవచ్చని హాస్టల్లో ఒక సీనియర్ చెప్పింది. ఏలూరులోనే ఆడపిల్లల కాలేజీలో హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్ గ్రూపు ఉంది, సీట్లు ఖాళీగానే ఉంటాయి. నాన్నగారు ఒప్పుకుంటే చాలు. ఆ గడువు దాటితే రెండేళ్ళు ఇక్కడే, ఆ తరవాత ఎంసెట్, ఆ తరవాత ఇంజినీరింగు. తలుపు ఒక్కొక్కటే మూసుకుంటూ పోతుందన్న సంగతి నాకు అప్పుడే తెలుసు. కానీ ఆయన్ని అడగడానికి బయటపడేదెలా?

ఆ వానాకాలం హాస్టల్ మొత్తానికి కళ్ళకలక అంటుకుంది. నాకూ వచ్చింది. జీవితంలో ఒక రోగానికి అంత సంతోషించింది లేదు. నల్లకళ్ళద్దాలు పెట్టించి అందరినీ ఇళ్ళకి తోలేశారు. నా కళ్ళు తేటపడ్డాక, ఇంకా ఒకటి రెండు రోజులు సెలవుండగా, మీ స్కూలుకి నేనూ వస్తానని నాన్నగారిని అడిగాను. ఆయన మొహం వెలిగిపోయింది. క్లాసు చెప్పి వచ్చేటప్పుడు ఆయన మంచి ఊపు మీద ఉంటారు, అప్పుడు అడిగేద్దామని నా ఎత్తు.

గట్టు మీద బురదగా ఉందని స్కూటర్ దారిలోనే వదిలేసి నడిచాం. అటూ ఇటూ చేపల చెరువులు, తవుడు బస్తాలు దింపుతున్న లారీ, నీళ్ళ మీద గూడకొంగలు. టెన్త్ క్లాసులో నన్ను ఆఖరి బెంచీలో కూర్చోబెట్టి నాన్నగారు బోర్డు మీద కొల్లేరు గీశారు. ఒకపక్క కృష్ణ, ఒకపక్క గోదావరి, మధ్యలో సరస్సు, దాంట్లోకి వచ్చే ఏర్లు. మా చెరువు వెయ్యలేదేంటండీ అని ముందు బెంచీలో పిల్ల అడిగింది. ఆయన నవ్వి, ఎక్కడుందో నువ్వే వచ్చి పెట్టు అన్నారు. ఆ పిల్ల చెరువు గీస్తే ఇంకొకరు లేచారు, ఇంకొకరు లేచారు. కాసేపటికి సరస్సులో నీళ్ళకి చోటు లేకుండా పోయింది. ఇప్పుడు చెప్పండి, పై నుంచి వరదొస్తే ఈ నీళ్ళు ఎక్కడికి పోవాలి అని ఆయన అడిగారు. క్లాసంతా ఆలోచిస్తోంది. నేనూ ఆలోచిస్తున్నాను.

గుమ్మంలో లెక్కల మాస్టారు నిలబడ్డారు.

"మాస్టారూ, ఈ ఒక్క పీరియడ్ అండీ. క్వార్టర్లీ దగ్గరకొచ్చేసింది."

ఆయన మాట పూర్తి కాకముందే పిల్లలు సోషల్ పుస్తకాలు లోపల పెట్టి లెక్కల నోట్సులు తీసేశారు. అంత అలవాటు వాళ్ళకి. సోషల్ అంటే ఇంటి దగ్గర బట్టీ పట్టుకున్నా వచ్చేస్తుంది, లెక్కలు తప్పితే స్కూలు పేరు పోతుంది. ప్రతి స్కూల్లోనూ ఇదే లెక్క. నేను చదివిన స్కూల్లోనూ ఇంతే, పరీక్షల ముందు సోషల్ పీరియడ్ పేరుకే ఉండేది. కానీ లేచి వెళ్ళిపోయేది మా నాన్నగారు కాదు కాబట్టి నాకెప్పుడూ పట్టలేదు. నాన్నగారు ఒకసారి నా వైపు చూశారు. పుస్తకం, చాక్‌పీసు తీసుకుని, రండి మాస్టారూ అని నవ్వుతూ బయటికి నడిచారు. నేను వెనకే వెళ్ళాను. లెక్కల మాస్టారు అప్పటికే డస్టర్ తీసుకుని కొల్లేరు తుడిచేస్తున్నారు.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. నాకు అందరి మీదా కోపం. అంత మెత్తగా ఎందుకు ఇచ్చేశారని ఆయన మీద, అడిగినందుకు ఆ మాస్టారి మీద, పుస్తకాలు మార్చేసిన పిల్లల మీద. ఊపు చూసి అడుగుదామనుకున్న మాట ఆ కోపంలోనే బయటపడిపోయింది. నేను హిస్టరీ గ్రూపుకి మారిపోతాను నాన్నగారూ, ఇంకా టైముంది అన్నాను.

ఆయన చేతికంటిన సుద్ద దులుపుకున్నారు.

"ఈ స్కూల్లో నా పీరియడ్ అడగని మాస్టారు లేడమ్మా. డ్రిల్లు మాస్టారు కూడా అడిగాడు. ఒకళ్ళు గుమ్మంలోకి రాగానే లేచి ఇచ్చేసే బతుకు నీకొద్దు. నువ్వు ఎవరికీ లేవక్కర్లేని సబ్జెక్టు చదువుకో."

తిట్టి ఉంటే తిరగబడేదాన్ని. కొట్టినా సరే, మొండికేసి గెలిచేదాన్ని. ఆయన అలా అడుగుతుంటే ఎలా తిరగబడను? నాకిష్టమైనదంతా నా చేతికిచ్చిన మనిషే, అది నీకొద్దు అని బతిమాలుతున్నారు. లోపలి నుంచి లెక్కల మాస్టారు పిల్లల చేత సూత్రం పలికిస్తున్నారు. పీరియడ్ అయ్యేదాకా మేమిద్దరం ఆ సూత్రమే వింటూ కూర్చున్నాం. మర్నాడు హాస్టల్‌కి వెళ్ళిపోయాను. గడువు దాటిపోయింది. ఆ రోజు స్టడీ అవర్లో దుప్పటి తల మీదకి లాక్కుని ఏడ్చాను. ఎవరూ పట్టించుకోలేదు, అక్కడ రోజూ ఎవరో ఒకరు ఏడుస్తూనే ఉంటారు.

తరవాత అంతా నేననుకున్న వరసలోనే జరిగింది. ఎంసెట్ రాశాను, ఇంజినీరింగులో చేరాను, మళ్ళీ హాస్టలే. నేను మూడో ఏడాదిలో ఉండగా, సరస్సుని ఆక్రమించి తవ్వారని కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం వాళ్ళు ప్రొక్లెయిన్లు పెట్టి తెగ్గొట్టారు. ఆ రోజుల్లో ఒక సాయంత్రం నాన్నగారు హాస్టల్‌కి ఫోన్ చేశారు. సరస్సు ఎవరిది మాస్టారూ అని పిల్లలు అడిగారట. చెబుతుండగా లెక్కల మాస్టారు వచ్చి నిలబడితే, ఇవాళ కాదండి అని పంపేశారట. మొదటి బహుమతి వచ్చిన పిల్లాడిలా చెప్పుకొచ్చారు. నేను ఫోన్ పెట్టేసి వెళ్ళి మెషీన్ డ్రాయింగు గీసుకున్నాను. గీతలు తిన్నగా రాలేదు.

నేను చదువు పూర్తి చేసి ఉద్యోగాల కోసం తిరుగుతుండగానే కంపెనీలు మనుషుల్ని తీసుకోవడం మానేశాయి. ఇంట్లో ఖాళీగా ఎందుకని తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. ఇంజినీరింగు చదివిన మేడమని పిల్లల తల్లిదండ్రులు నాకు నమస్కారాలు పెట్టేవారు. రోజూ పొద్దున బస్సు దిగి ఆ గేటులోకి వెళ్తుంటే, వట్లూరు మెష్ కిటికీలే ఇంకో ఊళ్ళో బిగించినట్టుండేది.

ఆ చలికాలం, టెన్త్ పిల్లలకి రివిజన్లు నడుస్తున్నప్పుడు, ఒకరోజు మా క్లాసులో డస్టర్ కనపడలేదు. పక్క క్లాసులో అడిగి తెద్దామని వెళ్ళాను. అక్కడ సోషల్ మాస్టారు పాఠం చెబుతున్నారు. రిటైరయ్యాక ఈ స్కూల్లో చేరిన పెద్దాయన. బోర్డు మీద మ్యాపు గీసి, నదుల పేర్లు ఒక్కొక్కటే రాస్తున్నారు.

గుమ్మంలో నన్ను చూడగానే ఆయన మాట ఆపేశారు. బెంచీల మీద లెక్కల నోట్సులు బయటికొస్తున్న చప్పుడు వినపడింది. ఆయన బోర్డు వైపు తిరిగి, తను గీసిన మ్యాపు తనే తుడవడం మొదలుపెట్టారు.

"వద్దండీ, తుడవకండి! డస్టర్ కోసం వచ్చానండీ, అంతే."

ఆయన చెయ్యి ఆగింది. పీరియడ్ వద్దాండీ అని అడిగారు, నేను మొహమాటపడుతున్నాననుకుని. వద్దండీ అన్నాను. అప్పటికే సగం నదులు పోయాయి. మిగిలిన సగం కేసి కాసేపు చూసి, డస్టర్ నా చేతిలో పెట్టి, మళ్ళీ చాక్‌పీసు తీసుకున్నారు.

మధ్యాహ్నం అన్నం తినాలనిపించలేదు. మెట్ల కింద నిలబడి నాన్నగారికి ఫోన్ చేశాను. ఈ వేళప్పుడు చేశావేంటమ్మా అని కంగారుపడ్డారు. ఏం లేదన్నాను. ఇవాళ టెన్త్‌కి మీ క్లాసుందా నాన్నగారూ అని అడిగాను.

"ఉందమ్మా," అన్నారు. "ఇచ్చేశాను."