సగంలో దిగిపోయిన దోవ

మదనపల్లెలో డిగ్రీ రెండో సంవత్సరం చదివేటప్పుడు మాకు మధ్యయుగాల మతయుద్ధాల పాఠం వచ్చింది. యూరప్‌లో మా వయసువాళ్లు మడకలూ గొర్రెలూ వదిలేసి, ఎన్నడూ చూడని జెరూసలేంకి గుంపులుగా బయల్దేరారనీ, చాలామంది మళ్లీ ఇల్లు చేరలేదనీ సార్ చెప్పారు. ఎందుకు పోయారో చెప్పమన్నారు. అందరం భక్తి అన్నాం. నా పక్కన కూర్చునే కురబలకోట అమ్మాయి ఒక్కతే లేచింది.

"ఊర్లో ఉంటే రేపు ఏమవుతాదో వాళ్లకు తెలుసు సార్. దోవలో తెలీదు. అందుకే పోయుంటారు."

"పరీక్షలో ఇట్లా రాయొద్దమ్మా" అన్నారు సార్. కానీ ఆ మాటను తన పుస్తకం అంచున రాసుకున్నారు.

ఆమెకు పరీక్షలయ్యాక మేనమామతో పెళ్లని అప్పటికే ఖాయమైంది. మాది పుంగనూరులో బట్టల అంగడి. నాకూ ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు.

ఆ ఏడు శివరాత్రికి నెల ముందు, కుప్పం నుంచి శ్రీశైలానికి నడిచిపోయే భజన గుంపు ఒకటి మా ఊరి సత్రంలో దిగింది. అందులో సగం మంది ఇరవై ఏళ్లలోపువాళ్లే. సంగతి తెలిసి ఆ కురబలకోట స్నేహితురాలు బస్సెక్కి మా ఇంటికి వచ్చింది.

"మనమూ పోదామా?" అంది.

మరుసటి ఉదయం, ఊరి చివరి దాకా సాగనంపి వస్తామని అమ్మకు చెప్పి, చెప్పులు గడప దగ్గరే వదిలి వాళ్లతో కలిశాం. ఊరు దాటాక కూడా ఆగలేదు. తమాటా తోటల మధ్య పాడుకుంటూ నడిచాం. ఎవరి కూతురివని నన్ను ఒక్కరూ అడగలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు శివుడు పెద్దగా గుర్తురాలేదు. నాతోపాటు పడుతున్న అన్ని అడుగుల చప్పుడు చాలనిపించింది.

పొద్దుగూకే వేళకు మదనపల్లె చేరాం. ఊరి మొదట్లోనే, మాకన్నా ముందు బస్సులో వచ్చిన నాయన నిలబడి ఉన్నాడు. చేతిసంచిలోంచి నా చెప్పులు తీసి కింద పెట్టాడు.

"ఏసుకోమ్మా. బస్సుకు టైమయింది."

కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు. నాయన నా కాళ్ల వైపు చూసి, చెప్పులు మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. ఆయన తిట్టి ఉంటే నేను ముందుకే పోయేదాన్నేమో.

"నువ్వూ రామ్మా, మీ ఇంట్లో దిగబెడతా" అన్నాడు ఆమెతో.

"నేను పోయొస్తానప్పా" అని ఆమె గుంపులోకి నడిచింది.

ఆమె శివరాత్రి తర్వాత తిరిగొచ్చింది కానీ కాలేజీకి రాలేదు. పెళ్లయి కుప్పం దగ్గరి పల్లెకు పోయింది. చాలా ఏళ్లకు, నాకూ ఇద్దరు పిల్లలు పుట్టాక, వెతుక్కుంటూ వెళ్లాను. పట్టుపురుగులకు మల్బరీ ఆకు వేస్తోంది.

"గుడి సూసినాక ఏమనిపించింది?" అని అడిగాను.

"దణ్ణం పెట్టుకున్న్యా. ఇంగ నడిసేది లేదే అని మెట్ల మీద కూసోని ఏడ్సినా." ఆకు తుంచుతూనే అడిగింది, "ఆ పొద్దు సగం దోవలోనే నువ్వు యాల ఎనక్కి వచ్చేస్తివి?"

నాయన ముఖం చూసి అని చెప్పాను. ఆమె తల ఊపింది. ఇప్పటికీ ఆ శ్రీశైలం దోవన బస్సులో పోతుంటే, మదనపల్లె దాటాక నాకు నిద్ర పట్టదు. ఆమె నడిచిన ఊర్లన్నీ కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాను.