మోగని షాఫ్ట్

నిన్న నాంపల్లిలో పాత గోల్ఫ్ కర్రలమ్మే ఖాదర్ భాయ్ దుకాణానికి వెళ్లి, గోడకు ఆనించి ఉన్న నల్లటి గ్రాఫైట్ షాఫ్ట్ ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఏం చేస్తున్నానో నాకే తెలియకుండా వేలి కణుపుతో టక్కున కొట్టాను. తడిసిన అట్టపెట్టెను కొట్టినట్టు డబ్బుమంది. ఖాదర్ భాయ్ కళ్లజోడు మీదుగా చూసి, "ఇంకా కొడ్తనే ఉన్నరా మేడం? అమ్మ పోయినా మీ అలవాటు పోలేదు" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ డబ్బుమనే చప్పుడు వినగానే నాకు మాణెమ్మ గారు ఎదురుగా నిలబడి ముఖం చిట్లించినట్టే ఉంటుంది.

ఖాదర్ భాయ్ 'అమ్మ' అన్నది మా కన్నతల్లిని కాదు. మాణెమ్మ గారు తాండూరులో నేను పనిచేసిన బండల పాలిషింగ్ యూనిట్ యజమాని. బొంరాస్‌పేట దగ్గర పొలాలున్న ఇంట్లో పుట్టి, పెళ్లయి తాండూరు వచ్చి, భర్త పోయాక యూనిట్ తన చేతుల్లోకి తీసుకున్నారు. అక్కడ అందరూ ఆమెను అమ్మా అనే పిలిచేవారు. కోసి తెచ్చిన బండ మంచిదా కాదా అని తేల్చడానికి ఆమె దగ్గర ఒకటే పద్ధతి ఉండేది. వంగి వేలి కణుపుతో కొట్టేవారు. ఖంగుమంటే గట్టిది. డబ్బుమంటే లోపల ఎక్కడో నెర్రె ఉన్నట్టు, పాలిష్ మిషన్ కిందికి పోగానే రెండు ముక్కలవుతుంది. తాండూరులో బండల పని తెలిసిన వాళ్లంతా ఇలాగే చూస్తారు. కానీ మాణెమ్మ గారు బండల దగ్గర ఆగలేదు. కుండ కొన్నా, తలుపు చేయించినా, పుచ్చకాయ తెచ్చినా అదే పరీక్ష. మనుషుల్ని వేలితో కొట్టలేరు కాబట్టి గొంతు వినేవారు.

నన్నూ అలాగే విన్నారు. వికారాబాద్‌లో బీకాం చదివి, ధారూర్ నుంచి రైల్లో వచ్చి, ఉద్యోగం కోసం ఆమె ముందు నిలబడ్డాను. ఆ యూనిట్‌లో ఆఫీసుకు రెండు గదులు. ముందు గదిలో కూర్చునేవాళ్లు కొనుగోలుదార్లతో మాట్లాడతారు, ధర తేలుస్తారు. వెనక గదిలో బిల్లులు రాస్తారు, మిషన్ల మోత వింటారు, తెల్లటి దుమ్ము తింటారు. నేను ముందు గది కోసం వచ్చాను. ఆమె కళ్లు మూసుకుని, "పేరు చెప్పు" అన్నారు. "స్వరూప" అన్నాను. "మళ్లొక్కసారి." మళ్లీ చెప్పాను. కళ్లు తెరిచి, జాలిగానే, "గొంతు మోగుతలేదు బిడ్డా. లోపల నెర్రె ఉన్నది. గిరాకీ వచ్చినోడు గా గొంతు విని నిన్ను కూసోబెట్టి ధర కొట్టేస్తడు. బిల్లులకైతే గొంతు అక్కెరలేదు, రేపటి సంది రా" అన్నారు. ఉద్యోగం వచ్చిందని సంతోషపడాలో, పగిలిన బండనన్నందుకు ఏడవాలో తెలియలేదు. తిరుగు రైల్లో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఆ తర్వాత ముందు గది అడిగిన ప్రతిసారీ ఆమె "చూద్దాంలే" అనేవారు. నా గొంతు పెరగలేదు, ఆమె చెవి మారలేదు.

ఇక గోల్ఫ్ సంగతి. వికారాబాద్ దాటాక అడవి అంచున ఒక రిసార్టులో చిన్న గోల్ఫ్ మైదానం ఉంది. హైదరాబాద్ బిల్డర్లు ఆదివారం అక్కడికి వచ్చి ఆడతారనీ, మాకు రావలసిన పెద్ద ఆర్డర్ ఒకటి అక్కడే వేరేవాళ్లకు పోయిందనీ ఎవరో చెవిన వేశారు. మర్నాడు మాణెమ్మ గారు నన్ను పిలిచి, "ఆర్డర్లు ఆఫీసులల్ల పుడ్తలేవట స్వరూపా, గడ్డి మీద పుడ్తున్నయట. మనం గూడ గడ్డికే పోదాం" అన్నారు. యాభై ఏడేళ్ల మనిషి, నేతచీర కొంగు బొడ్డులో దోపుకుని, కాళ్లకు తెల్లబూట్లు వేసుకుని మైదానంలో దిగారు. మొదట్లో బంతి కదిలేది కాదు, మట్టి మాత్రం నాగలి పట్టినట్టు లేచేది. బిల్డర్లు అటు తిరిగి నవ్వేవారు. ఆమె పట్టించుకోలేదు. ఏడాది తిరిగేసరికి బంతి చెప్పినచోటికి పోవడం మొదలైంది. విచిత్రమేమిటంటే అప్పటికి ఆర్డర్ల ఊసు ఆమే మర్చిపోయారు. "గీడికొస్తే ఎవ్వడు నన్ను ఏది అడగడు. గా బంతి గూడ ఏం అడగది" అనేవారు. ధారూర్ దారిలోనే కాబట్టి ఆదివారం కారులో నన్నూ ఎక్కించుకునేవారు. కొట్టిన దెబ్బల లెక్క రాయడానికని తీసుకెళ్లి, కొన్నాళ్లకు నా చేతికీ ఒక కర్ర ఇచ్చారు. కర్రలేమైనా బాగు చేయించాలంటే సంచీ భుజానికి తగిలించుకుని రైలెక్కేది మాత్రం నేనే. ఒకసారి ఒక పెద్దమనిషి సంచీని తడిమి, "బోరు పైపులా బిడ్డా? ఎన్ని గజాలు దింపిండ్రు?" అని అడిగాడు.

రెండో ఏడు ఆమె ఎడమ మోచెయ్యి నొప్పి మొదలైంది. నీళ్లగ్లాసు ఎత్తితే పెదవులు బిగపట్టేవారు. డాక్టర్ ఆట మానెయ్యమన్నాడు. "మానితే ఆదివారం ఏం జేయాలె?" అని ఆమె డాక్టర్నే అడిగారు. మైదానంలో ఆట నేర్పే కోచ్ మరో దారి చెప్పాడు. గోల్ఫ్ కర్రకు కింద ఇనప తల, పైన రబ్బరు పిడి, మధ్యలో ఉండే పొడవాటి గొట్టం షాఫ్ట్. మాణెమ్మ గారివి బరువైన స్టీలు షాఫ్టులు. బంతిని కొట్టిన అదురంతా నేరుగా మోచేతికి వస్తోంది. గ్రాఫైట్ షాఫ్టులైతే సగం బరువు, అదురు మధ్యలోనే చచ్చిపోతుంది. "కొత్తవి కొనకండి, పాత వాటి నుంచి ఊడదీసినవి చాలు" అని కూడా చెప్పాడు. నాకు ఆ మాట నచ్చింది. ఆ వారమంతా అదే పనిగా అడిగి తెలుసుకున్నాను. తలలు పాతవే ఉంచుకోవచ్చు. షాఫ్ట్ ధరలో సగం దాని మీది పేరుకూ రంగుకూ పోతుంది, రంగు ఏడాదికోసారి మారుతుంది కాబట్టి నిరుటి రంగు చవక. ఒక్కొక్కటి ఏరుకోవడం కన్నా ఒకే మనిషి సంచీలోంచి వచ్చిన జత మొత్తం తీసుకుంటే బరువులు కలుస్తాయి. నెమ్మదిగా కొట్టేవాళ్లకు మెత్తగా వంగేది కావాలి. ఊడదీసేటప్పుడు ఎక్కువ వేడి తగిలితే కింది కొస పాడవుతుంది, అక్కడ చూడాలి. ఇవన్నీ కారులో చెప్పుకుంటూ వచ్చాను. మాణెమ్మ గారు విని, "మంచిగ సదివినవ్. పా, పోయి చూద్దాం" అన్నారు.

ఖాదర్ భాయ్ దుకాణంలో ఆరోజు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు చెక్కలవుతుంది. ఆయన ఎంతో మురిపెంగా గ్రాఫైట్ షాఫ్టుల కట్ట విప్పి బల్ల మీద పరిచాడు. మాణెమ్మ గారు ఒకటి తీసి వేలితో కొట్టారు. డబ్బుమంది, పక్కన పెట్టారు. ఇంకొకటి. అదీ డబ్బుమంది. ఇంకొకటి, ఇంకొకటి. కట్టంతా అయిపోయింది. "నీ దుకాణంల అన్నీ పగిలినవే ఉన్నయి గదయ్యా!" అన్నారు. ఖాదర్ భాయ్ ముఖం ఎర్రబడింది. "అమ్మా, జర సమ్జో. సముద్రం దాటొచ్చిన మాల్ ఇది. మోగనీకె ఇదేమన్న గుడి గంటనా?" అన్నాడు. నేను మెల్లగా కల్పించుకుని, "అమ్మా, ఇవి పొరలు పొరలుగా అంటించి చేసినవట. మన వెదురుకర్ర లాగ. ఇది రాయి కాదు" అన్నాను. "రాయిగాని ఇనుముగాని, నెర్రె ఉంటె దాగదు బిడ్డా" అని నా మాట కొట్టిపారేసి, మూలనున్న పాత స్టీలు షాఫ్టుల మీద వేలు వేశారు. ఖంగుమన్నాయి. ఆమె ముఖం వెలిగిపోయింది. అవే కొన్నారు. చవకగానే వచ్చాయి, ఆ మాట ఒప్పుకోవాలి. ఉన్నవాటి కన్నా అవి ఇంకా బరువు.

మూడు ఆదివారాలు ఆ మోగే కర్రలతో ఆడారు. మూడో ఆదివారం సగం ఆటలో కర్ర చేతిలోంచి జారిపోయింది. ఆమె వంగి తీసుకోలేదు, దాన్ని చూస్తూ నిలబడ్డారు. కారెక్కాక అనంతగిరి చెట్లు దాటేదాకా మోచెయ్యి పట్టుకునే కూర్చున్నారు. ధారూర్ దగ్గరికి వచ్చాక, "ఇగ సాలిద్దాం స్వరూపా. సంచి అమ్మెయ్" అన్నారు. ఆ గొంతు మోగలేదు. మాణెమ్మ గారి గొంతు మోగకపోవడం నేను వినడం అదే మొదలు. నాకు భయం వేసింది. కోపం కూడా వచ్చింది. ఆమె చెవి నన్ను వెనక గదిలో కూర్చోబెట్టింది, సరే. ఇప్పుడు ఆమెకున్న ఒకే ఒక్క సంతోషాన్ని కూడా ఆ చెవే లాక్కుంటోంది.

సెలవు పెట్టి నాంపల్లి వెళ్లాను. ఖాదర్ భాయ్ నన్ను చూడగానే చేతులు జోడించి, "ఆ అమ్మను మాత్రం తేవద్దు" అన్నాడు. నేను స్టూలు మీద కూర్చుని విషయం చెప్పాను. ఒక్క షాఫ్ట్, ఆయన దగ్గరున్న పాత తలకు అతికించి ఇవ్వాలి. ఆదివారం ఆడి చూస్తాం. పనికిరాకపోతే సోమవారం వాపసు. పనికొస్తే అదే జత మొత్తం, నేను చెప్పిన ధరకు. ఆయన కుదరదన్నాడు. ఉపయోగించింది వాపసు తీసుకుంటే దుకాణం మూసుకోవాలన్నాడు. నేను మళ్లీ అదే చెప్పాను, అంతే నెమ్మదిగా. ఆయన చాయ్ తెప్పించాడు. తాగి, మళ్లీ అదే చెప్పాను. చివరికి ఆయన తల పట్టుకుని, "మీరు గట్టిగ మాట్లాడరు, ఈడికెళ్లి జరగరు కూడా. గిట్లాంటి గిరాకీతోని మస్తు పరేషాన్" అంటూ అతికించడానికి జిగురు డబ్బా తీశాడు.

ఇంటికి తెచ్చి కరెంటు పనికి వాడే నల్ల టేపు షాఫ్ట్ పొడవునా చుట్టేశాను. ఆదివారం ఉదయం మాణెమ్మ గారి ఇంటికి వెళ్లి, సంచీ కొనడానికి ఒకరు మైదానానికి వస్తున్నారని, చూపించడానికి ఆమే రావాలని చెప్పాను. అబద్ధమే. మైదానంలో ఆ కర్ర చేతికిచ్చి, "ఒక్క బంతి కొట్టండమ్మా, ఆఖరుది" అన్నాను. ఆమె నొప్పి వస్తుందని ముందే పళ్లు బిగించి కొట్టారు. బంతి పోయింది. ఆమె బంతిని చూడలేదు, తన మోచేతిని చూసుకున్నారు. "ఇంకోటి వెయ్" అన్నారు. ఇంకొకటి. మరొకటి. బుట్టలో బంతులైపోయాయి. "నొప్పి ఏడికి పాయె?" అని నన్నడిగారు, నేనేదో దాచిపెట్టినట్టు. తర్వాత గోటితో టేపు కొస పట్టుకుని సర్రున లాగారు. నల్లటి గ్రాఫైట్ బయటపడింది. వేలు మడిచి కొట్టారు. డబ్బుమంది. మళ్లీ కొట్టారు. అదే చప్పుడు.

దాన్ని వెలుగుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. "గిది రాయి గాదే" అన్నారు చివరికి. నేను ఆ మాట ఖాదర్ భాయ్ దుకాణంలోనే చెప్పానని గుర్తుచేయలేదు. ఆమెకు గుర్తున్నట్టే ఉంది. "ముప్పై ఏండ్ల సంది ఒక్కటే చెవితోని బతుకుతున్న గదనే" అని పగలబడి నవ్వారు. నవ్వి, కళ్లు తుడుచుకుని, "గా ఖాదర్ ఒక్కదాన్ని ఎట్ల ఇచ్చిండు? వాపసు తీసుకునే రకం గాదు గదా వాడు" అన్నారు.

"అడిగినమ్మా."

"ఎట్ల అడిగినవ్?"

"మెల్లగ."

ఆమె నన్ను చూశారు. ఉద్యోగానికి వచ్చిన రోజు కళ్లు మూసుకుని విన్న మనిషి, ఈసారి కళ్లు తెరిచి చూశారు. ఆ కర్రను సంచీలో పెట్టుకుని, దారిలో నన్ను ధారూర్‌లో దింపి వెళ్లారు. సోమవారం నేను వెనక గదిలోకి వెళ్తే నా కుర్చీ అక్కడ లేదు. ముందు గదిలో, ఆమె కుర్చీ పక్కన వేసి ఉంది. హైదరాబాద్ నుంచి ఒక బిల్డర్ వచ్చి కూర్చున్నాడు, మైదానంలో అటు తిరిగి నవ్విన వాళ్లలో ఒకడు. మాణెమ్మ గారు ఆయనకు నన్ను చూపించి, "ధర ఈమె చెప్తది. జర దగ్గరికి జరిగి వినుండ్రి" అన్నారు.

ఆ స్టీలు షాఫ్టులను ఆమె అమ్మనివ్వలేదు. ఒకదాన్ని యూనిట్ గేటు పక్కన తాడుతో వేలాడదీయించి, అన్నం గంటకు వాచ్‌మన్ చేత కొట్టించేవారు. "మస్తు మోగుతది గదా, మోగేటందుకే ఉండనీ" అనేవారు. ఇప్పుడు ఆ ముందు గది నేనే చూసుకుంటున్నాను. మధ్యాహ్నం ఆ మోత వినబడితే తాండూరు రోడ్డు అవతల చాయ్ బండివాడు కూడా టైము చూసుకుంటాడు. మాణెమ్మ గారు రెండేళ్ల కిందట పోయారు. పోయే ముందటి ఏడాది వరకూ ఆ గ్రాఫైట్ కర్రలతోనే ఆడారు. బండల మీద మాత్రం వేలు వేస్తూనే ఉన్నారు, బండల దగ్గర ఆమె చెవి ఎన్నడూ తప్పలేదు.

నిన్న ఖాదర్ భాయ్ బల్ల మీద ఆ షాఫ్ట్ పెట్టి, "మరి తీసుకుంటరా, పగిలిందంటరా?" అని ఏడిపించాడు. కొస చూశాను, బరువు చూశాను. నిరుటి రంగు. "ఒక ఆదివారం ఆడి చూస్త, పనికిరాకుంటే సోమవారం వాపసు" అన్నాను. "అయ్యో, మళ్లీ మొదలుపెట్టిండ్రా మేడం!" అని ఆయన తల పట్టుకున్నాడు. నేను స్టూలు లాక్కుని కూర్చుని మళ్లీ చెప్పాను, మెల్లగా.