కామాగారి తప్పుల పుస్తకం

ఆ ప్రెస్సులో ఆయన్ని అందరూ కామాగారు అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఆరు వందల పేజీల పుస్తకంలో ఒక్క కామా జారిపోయినా పట్టుకుంటారని ఆ పేరు. పట్టుకోవడమంటే మామూలుగా కాదండోయ్! దాన్ని జార్చిందెవరో ఆరా తీసి, ఆ మనిషిని నలుగురిలో నిలబెట్టేదాకా ఆయనకి అన్నం సయించదు.

అందుకోసమే ఓ పుస్తకం పెట్టారు. నీలం అట్టది. పని పాడుచేసినవాళ్ళు తమ తప్పు తామే అందులో రాసి సంతకం చెయ్యాలి. ప్రతి సోమవారం పొద్దున్నే, టీలు వచ్చేలోపు, కామాగారు దాన్ని అందరి ముందూ పైకి చదువుతారు. ఆరు నెలల్లో మూడు సంతకాలు పడ్డాయా, ఇక ఆ మనిషి కంప్యూటరు వదిలి ప్యాకింగు గదిలోకి పోవలసిందే. ఆ రూలూ ఆయనదే. పందొమ్మిదేళ్ళలో ఆ పుస్తకంలో ఆయన సంతకం ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ సంగతి ఆయన మరిచిపోరు, మనల్నీ మరిచిపోనివ్వరు.

ఆయనతో పాటు అదే కంప్యూటరు మీద పనిచేసే అమ్మాయిని కొత్తమ్మాయి అంటారు. చేరి ఆరేళ్ళయింది, అయినా కొత్తమ్మాయే! ఆమెకి పేజీలు కట్టడం నేర్పింది కామాగారే. పొద్దున ఆయన అక్షరాలన్నీ సరిచూసి ఫైళ్ళు సిద్ధం చేస్తే, మధ్యాహ్నం ఆమె కూర్చుని వాటిని బొమ్మలతో కలిపి పేజీలుగా కడుతుంది. ఆమె “మాస్టారూ” అని పిలిస్తే ఆయనకి లోపల్లోపల మహా ఇష్టం. పైకి మాత్రం “ఆఁ, ఏంటి మళ్ళీ?” అని కసురుతారు.

ఈ ఏడాది వాళ్ళకి పక్షుల పుస్తకం పని వచ్చింది. పేజీకి నాలుగేసి ఫొటోలు. రెండు వందల పేజీలు దాటాయో లేదో, కొత్తమ్మాయి ఓ ఫొటో పెట్టబోతుండగా తెర మీద ‘మెమొరీ చాలదు’ అని చిన్న పెట్టె ఒకటి వచ్చింది. ఆ వెంటనే ప్రోగ్రాము టపీమని మూసుకుపోయింది. ఆ పూట పనంతా గల్లంతు.

“పాటలు పెట్టుకుంటావు, పక్కన ఇంకో పది ప్రోగ్రాములు తెరిచి ఉంచుతావు. మెమొరీ ఎక్కణ్ణించి వస్తుంది మరి?” అన్నారు కామాగారు. “రాయి. ‘నా అజాగ్రత్త వల్ల’ అని మొదలుపెట్టు.”

అది మొదటి సంతకం. ఆ తర్వాత ఆయన ఓనరు వెంటపడి మరీ కొత్త కంప్యూటరు తెప్పించారు. ముప్ఫై రెండు జీబీ మెమొరీ! దాని పెట్టె విప్పుతుంటే మనవణ్ణి ఎత్తుకున్నంత మురిసిపోయారు. తన పాత ప్రోగ్రామునే దాంట్లో వేయించుకున్నారు. వారం తిరక్కుండా తెర మీద మళ్ళీ అదే ‘మెమొరీ చాలదు’, మళ్ళీ కొత్తమ్మాయి చేతిలోనే. రెండో సంతకం.

“పాటలు మానేశాను మాస్టారూ. ఒట్టు, పక్కన ఏమీ తెరవలేదు. మన ప్రోగ్రామే పాతదైపోయిందేమో. కొత్తది వేసి చూద్దామా?” అందామె.

ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ ప్రోగ్రాము మీద ఆయనకి చెయ్యి తిరిగి ఇరవై ఏళ్ళు. కొత్తది వస్తే ఈ పిల్ల దగ్గర కూర్చుని ఓనమాలు దిద్దుకోవాలి. అది పైకి చెప్పుకునే మాటా?

“నేను చేస్తే ఆగని ప్రోగ్రాము నువ్వు ముట్టుకుంటేనే ఎందుకాగుతుంది?” అన్నారు.

మూడోసారి ఆగినప్పుడు ఆమె అడిగించుకోకుండా తనే పుస్తకం తెచ్చుకుని రాసింది. రాస్తున్నంతసేపూ ముక్కు ఎగబీలుస్తూనే ఉంది. సోమవారం చదవడమే ఆలస్యం, సీటు పోయినట్టే.

శనివారం ఆమె సెలవు పెట్టింది. ఎలా చెయ్యాలో నేను చూపిస్తానన్నట్టు కామాగారు తనే బొమ్మలు పెట్టడానికి కూర్చున్నారు. మూడో ఫొటోకే టపీమంది. ముందుగా ఆయన చేసిన పనేమిటో తెలుసా? ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశారు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ అంతే.

కబురు పెడితే కంప్యూటర్లు బాగుచేసే ఆయన వచ్చి మెమొరీ వాడకం తెర మీద తెరిచి చూపించాడు.

“మిషన్‌లో ముప్ఫై రెండు జీబీ ఉంది సార్. చాలావరకు ఊరికే పడుంది. మీ ప్రోగ్రాము పాతకాలంది, రెండు జీబీ దాటి అందుకోలేదు. ఇంట్లో వంద అరలున్నాయి, దానికి ఆరు దాకానే లెక్కపెట్టడం వచ్చు అనుకోండి. ఏడో అర ఖాళీగా ఉన్నా దానికి తెలీదు.”

“మరి నా చేతిలో ఎప్పుడూ ఆగలేదేం?”

“మీరు చూసేవి ఒట్టి అక్షరాలేగా. బరువంతా బొమ్మలది. బొమ్మలు ఎవరు పెడితే వాళ్ళ చేతిలోనే ఆగుతుంది.”

కామాగారు గొంతు తగ్గించి, “ఓనరుగారికి నేను చెప్తాలెండి, మీరేం చెప్పకండి” అన్నారు. అన్నాక తన గొంతు మీద తనకే రోత పుట్టింది.

ఇంటికెళ్ళి భార్యకి చెబితే, ఆవిడ అంతా విని, “మరి ఆ పిల్లకి ఫోన్ చేశారా?” అంది.

“సోమవారం చెప్తాలే.”

“అప్పటిదాకా ఏడుస్తూ కూర్చోమనా? భలేవారే!”

ఆదివారం మూడుసార్లు ఫోను తీసి మూడుసార్లూ పెట్టేశారు. ఏ ముఖం పెట్టుకుని మాట్లాడాలి? అసలు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందిలే అని కూడా ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు ఆ పూట అద్దంలో ముఖం చూసుకోలేకపోయారు.

సోమవారం ఆయన వచ్చేసరికి కొత్తమ్మాయి తన కళ్ళజోడు పెట్టె, నీళ్ళ సీసా సంచీలో సర్దుకుని గోడవారగా నిలబడి ఉంది. ఆయన కంప్యూటరు ముందు కూర్చుని, నీలం పుస్తకం తెరిచి, నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టారు. అందరూ చేరాక పైకి చదివారు.

“ఆ మూడు తప్పులూ నావి. ప్రోగ్రాముకి అందేది రెండు జీబీయే. పాతదైపోయిందని ఈ అమ్మాయి ఎప్పుడో చెప్పింది. నేను వినలేదు.”

అంతలో ఓనరు గట్టిగా నవ్వేశాడు.

“భలేవారండీ మాస్టారూ! మిషన్‌తో వచ్చిన తంటాకి మీరేం చేస్తారు? ఆ కాగితం చింపెయ్యండి!”

అవునవునన్నారు అందరూ. టీలు వచ్చాయి. కామాగారికి తల కొట్టేసినట్టయింది. నలుగురూ తిట్టినా ఇంత సిగ్గనిపించేది కాదు. ఇదే గదిలో, ఇదే జనం ముందు ఆ పిల్ల తప్పులు చదివినప్పుడు మిషన్‌ పేరెత్తినవాళ్ళు ఒక్కరూ లేరు. తల తిప్పి చూస్తే ఆమె కూడా ఓనరు వైపే చూస్తోంది. అదే ఆలోచిస్తోందని ఆయనకి తెలిసిపోయింది.

“చింపను,” అన్నారు. ఆమె వైపు తిరిగి, “తప్పయిపోయిందమ్మా. నీ సీటు నీదే. కొత్త ప్రోగ్రాము వేయిద్దాం. నువ్వే నేర్పాలి నాకు” అన్నారు.

“నేర్పుతాను,” అందామె. సంచీలోంచి కళ్ళజోడు పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. “కొంచెం లేస్తారా సార్, పని మొదలుపెట్టుకోవాలి.”

ఆరేళ్ళలో ఆమె ఆయన్ని సార్ అని పిలవడం అదే మొదటిసారి. కామాగారు లేచి కుర్చీ ఆమె వైపు జరిపారు.