మా తరగతి నీర్యానై

మా తరగతి అంతా రైలెక్కి తిరువనంతపురం జూ చూడడానికి పోయిన రోజు నాకు అమ్మవారు పోసి ఉండింది. వాకిట్లో వేపమండలు కట్టి, లోపల చాప మీద వేపాకు పరిచి నన్ను పండబెట్టినారు. పిల్లలంతా మా వీధి మీదుగానే స్టేషనుకు పోయినారు. నేను చూస్తే ఏడుస్తానని మా అమ్మ కిటికీ మూసింది. మూసినా గొంతులు వినపడినాయి. ఎవడో కిటికీ దగ్గర నిలబడి, "నీకు పులిమీసం తెస్తామురా" అన్నాడు. తేలేదు.

అప్పుడు నేను రాజపాళయంలో ఫిఫ్తు ఫారం, అంటే పదో తరగతి, చదువుతుండినాను. యాభైలు ముగిసే కాలం. మూడు వారాల తరువాత బడికి పోతే అందరి నోటా ఒకటే మాట, జూ. సెంగోట్ట దాటినాక సొరంగంలో బొగ్గుపొగ లోపలికొచ్చి అందరి మొహాలూ నల్లబడినాయంట. సింహం వీళ్ళ వైపు వీపు పెట్టి పడుకుందంట. నేను నోరు తెరిస్తే, "నువ్వు రాలేదు గదా, నీకేమి తెలుసు" అనేవారు. నిజమే, నాకేమీ తెలియదు.

ఆ వారం తమిళయ్య వ్యాసం రాయమన్నాడు. మా ఇండ్లలో తెలుగు, బళ్ళో తమిళం. తమిళం చెప్పే వాద్యారును మేము తమిళయ్య అనేవాళ్ళం. తెల్లని తుండు భుజాన వేసుకొని, కళ్ళు మూసుకొని పద్యాలు పాడేవాడు. వ్యాసం పేరు 'జూలో నేను చూసినవి'.

నేను లేచి నిలబడినాను. "అయ్యా, నేను పోలేదు."

"తెలుసు. కూర్చొని రాయి."

"చూడనిది ఎట్లా రాసేది అయ్యా?"

"చూడలేదని రాయి. రెండు పుటలు ఉండాలి."

చూడలేదని రెండు పుటలు ఎట్లా రాస్తారు. ఒక వాక్యంతో అయిపోయింది. మిగిలిన పీరియడంతా తరగతిని చూస్తూ కూర్చున్నాను. అందరూ తలలు వంచి రాస్తున్నారు. సత్రపట్టి నుంచి సైకిలు తొక్కి వచ్చే పొడుగుపిల్లవాడు అప్పుడే లేచి, కుండలోని నీళ్ళు మూడు చెంబులు గడగడా తాగి వచ్చినాడు. మెడలో గుటక పైకీ కిందికీ పోతుంది. వాణ్ణి చూసి రెండో వాక్యం రాసినాను. 'నేను తిరువనంతపురం పోలేదు గాని ఒంటెను రోజూ చూస్తాను.' ఆ తరువాత చెయ్యి ఆగలేదు.

జేబులో దువ్వెన లేకుండా గడప దాటనివాడు నెమలి అయినాడు. వెనక బెంచీ నలుగురూ ఒకే బోనులోని కోతులు, వేరుశనక్కాయలు వేస్తే మంచివాళ్ళు. తలనూనె ఎరగని వాడొకడు ముళ్ళపంది. ఇక నా పక్క బెంచీలో కూర్చునే సరుకుల అంగడి వాళ్ళబ్బాయి. లావుగా, నెమ్మదిగా, ఎవరి జోలికీ పోకుండా ఉండేవాడు. వాడు నీర్యానై. ఆంధ్రాలో దాన్ని నీటిగుర్రం అంటారని నాకు చాలా ఏండ్ల తరువాత తెలిసింది. తమిళంలో అది ఏనుగు, నీళ్ళలో ఉండే ఏనుగు. వాడి గురించి నేను రాసిన మాటలు ఇప్పటికీ నోటికి వస్తాయి. 'నీర్యానై బెంచీ అనే బురదలో మునిగి ఉంటుంది. రెండో పీరియడులో ఒకసారి నోరు తెరుస్తుంది. లోపల అన్నంమూట పట్టేంత చోటు ఉంటుంది. మళ్ళీ మూసి, మధ్యాహ్నం బెల్లు దాకా నిద్రపోతుంది. లెక్కల వాద్యారు చాక్పీసు విసిరినా దానికి తెలియదు. దాని తోలు అంత మందం.'

మరునాడు తమిళయ్య నోటుపుస్తకాల కట్టలోంచి నాది ఒకటే తీసినాడు. చదవడం మొదలుపెట్టి, ఒంటె దగ్గరే నవ్వు ఆపుకోలేక తుండుతో కళ్ళు తుడుచుకున్నాడు. తరగతి తరగతంతా ఊగిపోయింది. కోతులు బెంచీ ఎక్కినాయి. ముళ్ళపంది మాత్రం ఆ సాయంత్రం నన్ను గోడకు అదిమిపట్టి, "మొహం నిండా మచ్చలు పెట్టుకొని నువ్వు మమ్మల్ని అంటావా" అన్నాడు. అప్పటినుంచి నేను పుళ్ళిమాన్, చుక్కల జింక. అది న్యాయమే అనిపించి ఊరుకున్నాను.

అంగడి వాళ్ళబ్బాయి నవ్వలేదు, కోపమూ పడలేదు. చదివేటప్పుడు వాడు నిద్రపోతున్నాడు. తరువాత ఎవరో చెప్తే విని, "బాగుంది" అన్నాడు. అంతే.

అక్కడితో పోయి ఉంటే బాగుండేది. తమిళయ్య నా వ్యాసాన్ని హెడ్మాస్టరుకు చూపించినాడు. ఆయన దాన్ని స్కూలు ఆండువిళాలో, అంటే ఏడాదికొకసారి జరిగే పండగలో, మైకు ముందు చదవాలన్నాడు. నాకు మైకంటే భయమని చెప్పినాను. "దానికి నువ్వంటే భయం లేదు, చదువు" అన్నాడు.

రెండు రోజుల తరువాత అంగడి ఆయన మా ఇంటికి వచ్చినాడు. ఆయనకు ఉబ్బసం. మా అరుగు ఎక్కడానికి రెండుసార్లు ఆగినాడు. వాళ్ళ అంగడి ముందు పిల్లలు నిలబడి 'నీర్యానై, ఒక పెన్సిలు ఇయ్యి' అని అరుస్తున్నారని నాకు తెలుసు. నేను వంటింట్లోకి పోయి దాక్కున్నాను. మా అమ్మ చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చి నిలబెట్టింది.

ఆయన నా చేతిలో కలకండ పొట్లం పెట్టినాడు.

"తంబీ, మావాణ్ణి గురించి తమిళంలో వ్యాసం రాసినావంట. వాద్యార్లంతా మెచ్చుకున్నారంట. నీర్యానై అంటే నీళ్ళ ఏనుగే గదా?"

"అవును మామా," అన్నాను.

"పెద్దదే గదా?"

"పెద్దదే మామా."

"మిగిలిన పిల్లలందరూ ఏమి?"

"కోతులు, ముళ్ళపంది, ఒంటె..."

ఆయన తల ఊపినాడు. "ఏనుగంటే వినాయకుడు. వాడు పుట్టింది కూడా చవితినాడే. బడి పండగనాడు మా అమ్మను, చెల్లెలిని, అందరినీ తీసుకొస్తాను. గట్టిగా చదువు."

చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి చెప్పలేకపోయినాను. ఆయన పోయినాక మా అమ్మ, "ఇంత మంచిగా ఏమి రాసినావురా" అని అడిగింది. ఆమెకూ చెప్పలేదు. కలకండ మా తమ్ముడు తిన్నాడు.

పండగకు ముందురోజు అంగడి వాళ్ళబ్బాయిని అడిగినాను. "నీర్యానై భాగం వదిలేసేదా?"

"వదిలితే వెనక బెంచీవాళ్ళు అరుస్తారు. ఉన్నది ఉన్నట్టు చదువు."

"మీ నాయన?"

"ఆయనకు అన్నీ వినపడవు. జనం నవ్వితే ఆయనా నవ్వుతాడు."

కాని మరునాడు సాయంత్రం మైకు బాగా పనిచేసింది. మైదానంలో పందిరి, ముందు కుర్చీల్లో పెద్దలు, చాపల మీద పిల్లలు. రెండో వరుసలో అంగడి ఆయన, ఇస్త్రీ చొక్కా వేసుకొని, ఇటు ఆయన తల్లి, అటు చెల్లెలు. ఆమె పిల్లలు కాళ్ళ దగ్గర. ఒంటెకు నవ్వినారు. నెమలికి నవ్వినారు. నీర్యానై దగ్గరికి రాగానే నేను ఒకేసారి రెండు కాగితాలు తిప్పి, చివరి మాటలు మొదలుపెట్టినాను. తెర పక్కనుంచి తమిళయ్య గొంతు వచ్చింది. "ఒక పుట వదిలినావు." ఆయనకు నా వ్యాసం నాకంటే బాగా కంఠతా వచ్చు. నేను తల తిప్పి చేతులు జోడించినాను. భయపడుతున్నాననుకొని ఆయన మొదటి వాక్యం తానే గట్టిగా అందించినాడు. అది కూడా మైకులో పోయింది.

చదివినాను. గొంతు మారే వయసు. ఒక మాట ఆడగొంతుతో, ఒక మాట మగగొంతుతో వచ్చింది. దానికి కూడా నవ్వినారు. అంగడి ఆయన మొదట అందరితోపాటు నవ్వినాడు. నోరు తెరుస్తుందన్నప్పుడు కూడా నవ్వినాడు. మధ్యాహ్నం దాకా నిద్రపోతుందన్న దగ్గర ఆగినాడు. వెనక్కి తిరిగి చాపల మీద కొడుకెక్కడున్నాడో వెదికినాడు. నేను మిగిలింది ఎట్లా ముగించినానో నాకు గుర్తు లేదు.

దండలు వేయడం అయినాక ఆయన నా దగ్గరికి వచ్చినాడు. కోపంగా లేడు.

"నిజంగా నిద్రపోతాడా తంబీ?"

"అప్పుడప్పుడు మామా."

"చాక్పీసు వేస్తారా?"

నేను చేతిలోని కాగితాలు మడిచినాను. ఆయనే తల ఊపుకొని పోయినాడు.

అప్పుడు నాకు తెలియనిది ఒకటి తరువాత తెలిసింది. మా ఊరి నూలుమిల్లుకు మొదటి షిఫ్టు వాళ్ళు పొద్దున సంగు, అంటే మిల్లు సైరను, కూయక ముందే పోతారు. ఆకూ వక్కా, బీడీలూ, కాఫీపొడీ, బెల్లమూ పోతూపోతూ కొనుక్కుంటారు. వాళ్ళ కోసం అంగడి కోడి కూయకముందే తెరవాలి. చలిగాలికి ఉబ్బసం ఎక్కువై ఆయన లేవలేడు. వాడే తెరిచి, బడి వేళ దాకా కూర్చొని, అక్కడినుంచి నేరుగా బడికి వచ్చేవాడు. తండ్రికి వాడు లేచేది తెలుసు. నిద్రపోయేది తెలియదు.

తరువాతి సోమవారం వాడు బడికి రాలేదు. ఆ వారమంతా రాలేదు. పోయి చూస్తే అంగడిలో తక్కెడ పట్టుకొని ఉన్నాడు. వాళ్ళ నాయన అన్నాడు, "బళ్ళో నిద్రపోయేదానికి పొద్దున అంత అవస్థ ఎందుకు తంబీ. పాపం, పిల్లవాడు. ఇక్కడైతే మధ్యాహ్నం కాసేపు పడుకుంటాడు." కొడుకు మీద ప్రేమతోనే అన్నాడు.

తమిళయ్యకు చెప్పి ఏడ్చినాను. ఆయన మరునాడే నన్ను వెంటబెట్టుకొని అంగడికి వచ్చినాడు. అంగడి ఆయన లేచి నిలబడి, స్టూలు తుడిచి, ఇద్దరికీ కలర్ సోడా తెప్పించినాడు. తమిళయ్య చదువు గురించి అరగంట చెప్పినాడు. అంగడి ఆయన ప్రతి మాటకూ "సరే అయ్యా, మీరు చెప్తే సరే" అన్నాడు. సోమవారం పంపిస్తానన్నాడు. పంపలేదు. రెండో మాటు పోయినాము. మళ్ళీ కలర్ సోడా, మళ్ళీ సోమవారం. ఆయన కాదంటే ఏదైనా వాదించవచ్చు. ఆయన ఒక్కసారి కూడా కాదనలేదు.

మూడోసారికి తమిళయ్య రాలేదు. "నా చేతిలో ఏముంది," అన్నాడు. ఆ తరువాత ఆయన మా తరగతిలో ఎవరి వ్యాసమూ పైకి చదవలేదు.

నేను ఒక్కణ్ణే పోయినాను. అంగడి ఆయన లోపల పడుకొని ఉన్నాడు. వాడు చింతపండు పొట్లం కడుతున్నాడు.

"నావల్లే అయింది," అన్నాను.

"నువ్వు అబద్ధం రాయలేదు గదా."

"తోలు మందమని రాసినాను."

వాడు పొట్లానికి దారం చుట్టి తెంచినాడు. "ఒకటి చెప్తాను. నువ్వూ అయ్యా వచ్చిన ప్రతిసారీ నేను పుస్తకాలు బయటికి తీసి, దుమ్ము తుడిచి, సంచిలో పెట్టుకుంటున్నాను. సోమవారం మళ్ళీ లోపల పెడుతున్నాను. ఇంక రావద్దు."

నేను పోలేదు. ఏడాదికి పైగా ఆ వీధి తప్పించుకొని తిరిగినాను. ఏమైనా కావాలని మా అమ్మ పంపితే రైలుగేటు అవతలి అంగడికి పోయేవాణ్ణి.

పదకొండో తరగతి ఎస్.ఎస్.ఎల్.సి. ఫలితాలు పేపర్లో వచ్చిన నాడు ఊరంతా పేపరు కోసం వెదికింది. వచ్చిన కొన్ని కాపీల్లో ఒకటి వాళ్ళ అంగడికి వచ్చిందన్నారు. తప్పక పోయినాను. మా తరగతి వాళ్ళంతా అక్కడే ఉన్నారు. వాడు స్టూలు మీద నిలబడి, పేపరు విప్పి పట్టుకొని, ఒక్కొక్కరి నంబరు అడిగి వెదికి చెప్తున్నాడు. ఒంటె పాసైనాడు. కోతుల్లో ఇద్దరు పాసైనారు. ముళ్ళపంది నంబరు లేదు. వాడు మళ్ళీ మొదటినుంచి వెదికి, అప్పుడు కూడా లేకపోతే, "అచ్చులో తప్పు ఉండచ్చు, రేపటి పేపరు చూద్దాం" అన్నాడు.

నా వంతు వచ్చింది. నంబరు చెప్పినాను. వేలితో వరుస మీదుగా పోయి ఆగినాడు.

"ఉండావు," అన్నాడు. "ఇంక కాలేజీనా?"

"అవును. మదురైలో."

"మంచిది. పొద్దున్నే లేచి చదువుకో." పేపరు సర్దుకొని, "తరువాత ఎవరు?" అని నా వెనక వాణ్ణి అడిగినాడు.

దారంతా నాలో నేను అనుకుంటూ వచ్చిన మాటలు ఉండినాయి. అవి చెప్పేందుకు అక్కడ చోటు లేదు. వెనక ఉన్నవాడు నన్ను తోసుకొని ముందుకు పోయినాడు. నేను పక్కకు తప్పుకున్నాను.