సగంలో ఆగిన సందేశం

ఆఫీసులో ఆయన్ని అందరూ మాస్టారు అంటారు. పాఠం చెప్పకుండా ఒక్క తప్పూ దిద్దడు మరి. ఆస్పత్రి యంత్రాల లోపల నడిచే మూల ప్రోగ్రాంని, అంటే కెర్నెల్‌ని, ఆ కంపెనీ సొంతంగా రాసుకుంది. అందులో సగం ఆయన రాసిందే. "నా కోడ్‌కి ఢోకా లేదు" అని ఇరవై ఏళ్లుగా కాలరెగరేస్తూ వచ్చాడు.

మూడు వారాల క్రితం పరీక్షల గదిలో ఒక యంత్రం బిగుసుకుపోయింది. తెర మీద ఆఖరి సందేశం సగంలో ఆగింది. అది ఆయన దగ్గరుండి పని నేర్పిన అమ్మాయి కోడ్ నుంచి వచ్చిన సందేశం. ఇంకేముంది, అందరూ ఆమె వైపే వేలు చూపించారు. తప్పు ఆమెదేనన్న రిపోర్టు మీద మాస్టారు సంతకం పెట్టాడు. ఆమె ఉద్యోగం ఊడింది.

ఆమె కోడ్ పీకి పారేశాక కూడా నిన్న యంత్రం మళ్లీ బిగుసుకుంది.  ఈసారి మాస్టారు తనే కూర్చుని వెతికాడు.

తెర మీద రాయాలంటే ముందు కన్సోల్ తాళం, అంటే ఒకసారికి ఒక్కరే రాసే హక్కు, చేజిక్కించుకోవాలి. లేకపోతే రాతలన్నీ కలగాపులగం అవుతాయి. ఇక ఇంటరప్ట్ అనే అత్యవసర పిలుపు వచ్చిందా, ప్రాసెసర్ చేస్తున్న పనిని ఎక్కడిదక్కడ ఆపి ముందు దాని సంగతి చూస్తుంది. అది ముగిసేదాకా పాత పని కదలదు. ఆ ఇంటరప్ట్ కోడ్‌లోనూ ఎవరో ఒక సందేశం పెట్టారు. రాద్దామంటే తాళమేమో ఆగిపోయిన పని చేతిలో ఉంది. ఇంటరప్ట్ తాళం కోసం ఎదురుచూస్తుంది, ఆగిన పని తన వంతు కోసం ఎదురుచూస్తుంది, యంత్రం నోరు పడిపోతుంది. పాపం, ఆ పిల్ల కోడ్ చేసిందల్లా ఆ క్షణంలో తెర మీద రాస్తూ ఉండటమే.

ఆ సందేశం పెట్టిన ప్రబుద్ధుడెవరా అని చూస్తే, తనే. ఎప్పుడో ఏదో పరీక్షకని పెట్టి తీయడం మరిచాడు. సిగ్గుతో చచ్చినంత పనైంది. ఎలాగైనా ఆమెని వెనక్కి రప్పించాలని మేనేజర్ గదికి పరుగెత్తాడు.

"ఆ అమ్మాయి తప్పేం లేదు సార్, నాదే. వెనక్కి పిలుద్దాం."

"ఆ సీట్లోకి వేరేవాళ్లు వచ్చేశారు మాస్టారూ. చప్పుడు చెయ్యకుండా సరిచేసెయ్యండి."

మెట్ల మీద నిలబడి ఆమెకి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, తప్పు నాదేనమ్మా. ఇవాళే కనిపెట్టాను."



"మీరు పెట్టిన ఆ సందేశం నాకు ఆ రోజే కనిపించింది సార్."

"మరి నోరెందుకు విప్పలేదమ్మా?"

"మీకు తెలిసే ఊరుకున్నారనుకున్నాను. ఇక ఎవరి దగ్గర పని చెయ్యాలన్నా భయమేసింది. ఈ పనే మానేశాను సార్."

"ఒట్టు, నేనసలు చూడనేలేదు" అన్నాడు మాస్టారు.

"పోనీలెండి సార్" అని ఆమె ఫోన్ పెట్టేసింది.